చూశాను, బాగుంది

జూన్ 10, సోమవారం

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. లోపల ఆయనకి స్కానింగ్ చేస్తున్నారు. ఊరికే కూర్చోలేకపోతున్నాను. సంచిలో ఈ డైరీ కనబడింది. కొత్త సంవత్సరానికి ఒక కంపెనీకి మేమే వేసిచ్చిన డైరీల్లో మిగిలిన నమూనా కాపీ.

పొద్దున తొమ్మిదింటికి స్టూడియో తెరిచాం. నేను ఊడుస్తున్నాను. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని, శనివారం సగంలో ఆపిన పెళ్ళికార్డు తెరిచారు.

"జ్యోతీ, ఫాంట్ ఎగిరిపోయింది. అన్నీ పిచ్చి గీతలొస్తున్నాయి."

మా పనిలో ఇది మామూలే. చీపురు పక్కన పెట్టి వెళ్ళి చూశాను. కార్డు శుభ్రంగా ఉంది. వధూవరుల పేర్లు ముత్యాల్లా ఉన్నాయి.

"బాగానే ఉందిగా."

"ఎక్కడ బాగుంది? ఇంగ్లీషు కూడా పోయింది చూడు" అంటూ తల తిప్పారు. గోడ మీద క్యాలెండర్ ఉంది. దాని వైపు చాలాసేపు చూశారు. "జ్యోతీ, దాంట్లో కూడా పోయింది" అన్నారు.

ఒక్క క్షణం ఇద్దరం నవ్వాం. కళ్ళద్దాలు తుడిచి ఇచ్చాను. మళ్ళీ క్యాలెండర్ చూసి కుర్చీలో వెనక్కి వాలిపోయారు. కుడివైపు నిలబడ్డ నన్ను తల పూర్తిగా తిప్పితే గానీ చూడలేకపోతున్నారు. మాట బాగుంది. కాళ్ళూ చేతులూ బాగున్నాయి. "ఎక్కడో తేడాగా ఉంది. ఆటో పిలువు" అని ఆయనే అన్నారు.

తలుపు తీశారు. పిలుస్తున్నారు.

జూన్ 12, బుధవారం

మెదడు వెనకభాగంలో ఎడమవైపు చిన్న రక్తనాళం మూసుకుపోయిందట. డాక్టరు గారు ఆయన చేతికి కాగితం, పెన్ను ఇచ్చారు.

"మీ పేరు, ఊరు రాయండి."

విజయ్ పాల్, రాజమహేంద్రవరం అని రాశారు. మంచం మీద సగం పడుకుని రాసినా అక్షరం ఎక్కడా ఒరగలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. డాక్టరు గారు కాగితం జేబులో పెట్టుకుని బీపీ గురించి, ఉప్పు గురించి ఐదు నిమిషాలు మాట్లాడి, మళ్ళీ ఆ కాగితమే తీసి చూపించారు.

"ఇది చదవండి."

ఆయన చూశారు. దగ్గరికి తీసుకుని చూశారు. "ఎవరిదండీ ఈ చేతిరాత? బాగుంది" అన్నారు.

కంటికి ఏమీ కాలేదట. చేతికి ఏమీ కాలేదట. చూసిన అక్షరాన్ని ఇదీ అని గుర్తుపట్టే చోటు మాత్రం దెబ్బతిందట. రాయగలరు, చదవలేరు. కుడివైపు చూపు కొంత తగ్గింది కాబట్టి బండి నడపకూడదు. చదువు తిరిగొస్తుందా అని అడిగాను. "కొందరికి కొంత వస్తుందమ్మా. సాధన చేయించండి" అన్నారు. అంతకుమించి చెప్పలేదు.

జూన్ 13, గురువారం

బాగానే ఉన్నారు. ఇడ్లీ తిన్నారు.

జూన్ 20, గురువారం

ఇంటికొచ్చి మూడు రోజులైంది. ఈరోజు స్టూడియో తెరిచాం.

పదహారేళ్ళుగా ఆ బోర్డు మీద పాల్ గ్రాఫిక్స్ అనే ఉంది. అక్షరాలు చేత్తో గీసేది ఆయన. కస్టమర్లతో మాట్లాడేది ఆయన. ఆఖరున ప్రూఫ్ చదివేది కూడా ఆయనే, ఒక్కొక్క అంకె మీద పెన్సిల్ మొన ఆనించి. టైపింగ్, పేజీ కూర్పు, రంగులు, ప్రెస్సు చుట్టూ తిరగడం నాది. మాకు పిల్లలు లేరు. పొద్దున లేస్తే ఇద్దరికీ ఉన్నది ఈ రెండు గదులే. దీన్ని మూయడం నావల్ల కాదు. మూయను.

ఎవరికీ చెప్పొద్దన్నారు. "నెల రోజులాగు. తిరిగొచ్చేస్తుంది. ఈలోగా చెప్తే, అక్షరం రాని ఆర్టిస్టు దగ్గరికి ఎవడొస్తాడు?"

సరేనన్నాను. నెలే కదా.

జూలై 9, మంగళవారం

పల్లంరాజు గారు భీమవరం నుంచి ఫోన్ చేశారు. రొయ్యల చెరువుల మందుల కంపెనీ ఆయనది. నాలుగేళ్ళుగా లేబుళ్ళన్నీ మావే. కిందటి వారం పంపిన కొత్త బ్రోచర్ చూశారట.

"పాల్ గారి చెయ్యి పడితే ఆ అందమే వేరమ్మా. ఈసారి ఇంకా బాగుంది. ఆ నీలం రంగులో చెరువు నీళ్ళు ఎలా తెచ్చారండి బాబూ!"

ఆ నీలం నాది. ఆ పేజీలన్నీ నావి. "ఆయనకి చెప్తానండి" అన్నాను.

ఫోన్ పెట్టేశాక చాలా సంతోషమేసింది. ఆ తర్వాత చాలా కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. పక్క కుర్చీలో ఆయన, రద్దు కాగితాల వెనక వైపు అక్షరాలు గీస్తూ కూర్చున్నారు. గీసినవి అందంగా ఉన్నాయి. గీసిన వరసలోనే పక్కన పెట్టుకుంటున్నారు, కలిసిపోతే మళ్ళీ ఏది ఏదో తెలియదు కాబట్టి.

బ్రోచర్ ఎలా ఉందో చెప్పమంటే "నీ ఇష్టం జ్యోతీ" అన్నారు.

జూలై 21, ఆదివారం

చర్చిలో పాస్టరు గారు ఈరోజు వాక్యం చదవమని ఆయన్ని పిలిచారు. గొంతు బాగోలేదని చేత్తో చూపించారు. పాటలన్నీ మాత్రం పుస్తకం తెరిచి పట్టుకుని, చూడకుండా, గొంతెత్తి పాడారు.

బయటికొచ్చాక ఎవరో "గొంతు బానే ఉందిగా పాల్ గారూ" అన్నారు.

ఆగస్టు 6, మంగళవారం

పల్లంరాజు గారికి కొత్త నీటి మందు లేబుల్ పూర్తి చేశాను. పాత మందు ఫైలే తీసి పేరు, రంగు, వివరాలు మార్చాను. రెండు వారాలుగా పని మీద పని. వీపు విరిగిపోతోంది.

ప్రింట్ తీసి ఆయన చేతికిచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు. అలవాటు. ఆయన తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. చాలాసేపు చూశారు.

"చూశాను. బాగుంది" అన్నారు.

కొద్దికొద్దిగా వస్తోందేమో. లేకపోతే అలా ఎందుకంటారు? మొన్న క్యాలెండర్‌లో ఎర్ర అంకెలు ఆదివారాలని చెప్పారు కూడా.

పల్లంరాజు గారికి ప్రూఫ్ పంపితే, పాల్ గారు చూశాక ఇంక నేను చూసేదేముందండి, ప్రెస్సుకిచ్చేయండి అన్నారు. ఇచ్చేశాను.

ఆగస్టు 23, శుక్రవారం

అదే వరసలో ఇంకో మందుకి లేబుల్ కావాలంటే ఇవాళ ఆ ఫైలు తెరిచాను.

వాడే మోతాదు: ఎకరాకు 10 లీటర్లు.

ఎకరాకు ఒక్క లీటరు అని ఉండాలి. పాత మందు పొడి. అది ఎకరాకు పది కిలోలు. కిలోలు అన్న మాట తీసి లీటర్లు అని పెట్టాను. అంకె మార్చలేదు.

ఇంగ్లీషులో ఒక లీటరనే ఉంది. రైతులకి తెలియనిదా, ఏళ్ళ తరబడి చెరువులు చేస్తున్నవాళ్ళు. డీలర్లు చెప్తారు. ఇంకా గోడౌన్ దాటి ఉండదు.

ఆగస్టు 23, సాయంత్రం

పైన రాసిందంతా మళ్ళీ చదువుకున్నాను. సిగ్గేసింది.

పదింతల మందు పడితే చెరువులో రొయ్య మిగలదు. పల్లంరాజు గారికి ఫోన్ చేసి చెప్పాను. గోడౌన్‌కి తాళం వేయిస్తాను, రేపు పొద్దున్నే రండి అన్నారు.

మా ఆయనకి చెప్పాను. నేనొక్కదాన్నే వెళ్ళొస్తానన్నాను. తప్పు నాది, టైపు చేసింది నేను. ఆయన అప్పటికే చొక్కాకి ఇస్త్రీ పెట్టుకుంటున్నారు.

ఆగస్టు 25, ఆదివారం

నిన్న జరిగింది నిన్న రాయలేకపోయాను. చర్చికి కూడా వెళ్ళలేదు. వరసగా రాస్తాను.

మొదటి బస్సుకి బయల్దేరాం. తణుకు దాకా ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటున్నాను. ఆయనకి జ్వరం, ప్రూఫ్ చూడలేదు, నేనే తొందరపడ్డాను, ఇలా.

పల్లంరాజు గారి ఆఫీసులో బల్ల మీద ఆ క్యాన్ పెట్టి ఉంది. మమ్మల్ని కూర్చోమనలేదు.

"ఏంటండి పాల్ గారూ ఇది? మీరు చూడలేదా?"

నేను నోరు తెరిచేలోగా ఆయన అన్నారు. "చూశానండి. చదవలేదు. నాకు చదవడం పోయిందండి. జూన్‌లో పక్షవాతం లాంటిది వచ్చి, అదొక్కటీ పట్టుకుపోయింది. పేపరు, బోర్డు, నా పేరు, ఏదీ చదవలేను. సిగ్గుపడి దాచాను. లేబుల్ చేతికిస్తే చూశాను, బాగుందన్నాను."

పల్లంరాజు గారు నావైపు తిరిగారు. "మరి ఈ రెండు నెలలూ వచ్చిన డిజైన్లు?"

"మా ఆవిడవండి" అన్నారు ఆయనే. "బ్రోచరూ ఆవిడదే. నీలం రంగు ఆవిడదే."

"అవన్నీ తర్వాత. ముందు క్యాన్లు" అన్నారు పల్లంరాజు గారు.

సరుకు చాలావరకు గోడౌన్‌లోనే ఉంది. ఇద్దరు డీలర్లకి మాత్రం వెళ్ళింది, ఉండిలో ఒకరికి, ఆకివీడులో ఒకరికి. పల్లంరాజు గారి కారులోనే వెళ్ళాం. కొట్లో ఉన్న క్యాన్ల మీద లేబుళ్ళు మేమిద్దరం గోళ్ళతో పీకేశాం. అమ్మినవి పద్నాలుగు. ఎవరెవరికి అమ్మారో డీలర్లకి గుర్తుంది. ఫోన్లు చేశాం. పదమూడు మంది ఎత్తారు. ఎవరూ ఇంకా వాడలేదు. పద్నాలుగో మనిషి బుల్లియ్య. మూడెకరాల చెరువు. ఫోన్ మోగుతూనే ఉంది గానీ ఎత్తడం లేదు.

ఆకివీడు దాటి, గట్టు మీద కారు వెళ్ళినంత దూరం వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచాం. మా ఆయనకి కుడివైపు కనబడదు, అటు చెరువు. చెయ్యి పట్టుకుని నడిపించాను. దూరంగా నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయి. గట్టు మీద పాకలో ఒక పెద్దమనిషి చద్దన్నం తింటున్నాడు. పక్కనే మా లేబులున్న క్యాన్. మూత తీసి ఉంది.

"బుల్లియ్య గారూ, మందు వేసేశారా అండీ?" అని దూరం నుంచే అరిచాను.

"ఆయ్. పొద్దున్నే ఏసేశానండి."

పల్లంరాజు గారు ముందుకెళ్ళి అడిగారు. "ఎంత వేశావు?"

"మూడెకరాలకి మూడు లీటర్లండి. ఏవండీ, తక్కువైందా అండి?"

పల్లంరాజు గారు పాక గుంజ పట్టుకుని నిలబడ్డారు. "డబ్బా మీద పది అని ఉంది కదయ్యా!"

"నాకు చదవడం రాదండి బాబూ. కొట్లో ఆయన ఎకరానికో లీటరన్నాడు. రెండోసారి కూడా అడిగి మరీ తెచ్చుకున్నానండి."

నేను గట్టు మీద కూలబడి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో బుల్లియ్యకి అర్థం కాక మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. చెరువు వైపు చూశాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఒక్క రొయ్య పైకి తేలలేదు.

మా ఆయన మాత్రం బుల్లియ్య పక్కన వెళ్ళి కూర్చున్నారు.

"చదువు రాకుండా ఇన్ని డబ్బాలు ఎలా గుర్తుపడతారండి?"

"మూత రంగు గుర్తెట్టుకుంటానండి. బొమ్మ గుర్తెట్టుకుంటాను. కొత్త మందైతే ఇద్దర్ని అడుగుతాను. ఇద్దరూ ఒకటే చెప్తే ఏస్తాను, లేపోతే ఏయను."

"అడగడానికి ఏమీ అనిపించదా?"

బుల్లియ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. "అనిపిస్తే చెరువెవరు చూస్తారండి?"

తిరిగొచ్చేటప్పుడు పల్లంరాజు గారు బస్టాండులో దింపారు. మా పని ఇంక వేరేవాళ్ళకిస్తానన్నారు. గట్టిగా కూడా అనలేదు. అనవలసినదే అన్నారు.

ఇప్పుడు ఒక మాట రాయాలి. ఆరో తారీఖు పేజీలో, ఆయన లేబుల్ చాలాసేపు చూశారని రాశాను. అబద్ధం. కిటికీ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచే తిరిగొచ్చారు. ఆయన చదవలేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఆయన బాగుందంటే నాకు పని తెమిలిపోతుంది. ఈ డైరీ నేనొక్కదాన్నే చదివేది. ఇందులో కూడా అబద్ధం రాశాను.

ఆగస్టు 27, మంగళవారం

కస్టమర్లందరికీ ఫోన్ చేశాం. నేను నంబరు కలిపి ఇస్తే ఆయనే మాట్లాడారు. "నాకు చదవడం పోయిందండి. గీయగలను. డిజైన్లు జూన్ నుంచీ మా ఆవిడ వేస్తోంది. ఇష్టమైతే ఉండండి, లేకపోతే మీ ఫైళ్ళు పంపించేస్తాం."

ప్రతిసారీ అవే మాటలు. పదో ఫోనుకి తడుముకోవడం మానేశారు.

కొందరు అయ్యో అన్నారు. కొందరు ఆలోచించుకుని చెప్తామన్నారు. వాళ్ళు చెప్పరని తెలుసు. ఒక కాలేజీ ఆయన మాత్రం "పాల్ గారు లేని పాల్ గ్రాఫిక్స్ ఏంటమ్మా" అని నాతో అన్నాడు. ఆయన నా పక్కనే ఉన్నారండీ, ఫోను ఆయనకే ఇస్తాను, ఆ మాట ఆయనతోనే అనండి అన్నాను. పెట్టేశాడు.

ఆగస్టు 29, గురువారం

పల్లంరాజు గారి లేబుల్ మళ్ళీ వేశాను. ఆయన అడగలేదు. ఇంక అడగరు కూడా. ఐనా వేశాను.

మోతాదు దగ్గర అక్షరాలు తగ్గించి ఒక బొమ్మ పెట్టాను. గట్లతో ఒక చెరువు, పక్కన ఒకే ఒక్క లీటరు చెంబు. పదహారేళ్ళుగా చదువొచ్చినవాళ్ళ కోసమే లేబుళ్ళు వేస్తున్నామని ఇన్నాళ్ళకి తెలిసింది. మా ఆయనకి చూపించి ఏంటిదని అడిగాను.

"ఒక చెరువుకి ఒక చెంబు. కానీ చెరువంటే ఎకరమేనా? బుల్లియ్యది మూడెకరాలు కదా."

చెరువుని మూడు మడులుగా గీసి, మడికొక చెంబు పెట్టాను. పంపించాను.

సెప్టెంబర్ 9, సోమవారం

రెబెక్కా వదిన సామర్లకోట నుంచి వచ్చింది. ఆయన అక్క. ముప్పై ఏళ్ళు ఒకటో తరగతి పిల్లలకి చెప్పి రిటైరైంది. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి, అట్టల మీద అంటించి తెచ్చింది.

"అక్షరాలు గీసి బతికినవాణ్ణక్కా నేను. నాకు అ, ఆ నేర్పుతావా?"

"గీయడం నీకొచ్చు తమ్ముడూ. చదవడమే రావట్లేదు. కూర్చో."

కూర్చున్నారు. ఒక అట్ట చూపించింది. తెలియదన్నారు. ఇంకోటి. తెలియదు. అప్పుడు వదిన ఆయన చూపుడువేలు పట్టుకుని, అక్షరం మీద మొదటి నుంచి చివరి దాకా నడిపించింది. వేలు చివరి మలుపు తిరిగేసరికి "మ" అన్నారు.

ఇంకో అట్ట. వేలు నడిచింది. "క్ష." ఇంకోటి. "ఱ. ఇదెందుకు తెచ్చావక్కా, ఎవరూ వాడరు."

కన్ను మర్చిపోయింది. చెయ్యి మర్చిపోలేదు.

వదిన వంటింట్లోకొచ్చి కొంగుతో ముఖం తుడుచుకుంది. మళ్ళీ వెళ్ళి కూర్చుని, "తర్వాతది" అంది.

సెప్టెంబర్ 16, సోమవారం

గుణింతాలు. పొద్దున గంట, సాయంత్రం గంట. ఇవాళ విసుగొచ్చి అట్టలన్నీ నేలకేసి కొట్టారు. వదిన ఏరలేదు, నన్నూ ఏరనివ్వలేదు. అరగంటకి ఆయనే ఏరుకున్నారు.

సెప్టెంబర్ 30, సోమవారం

గరుకు కాగితం లేకుండానే ఇప్పుడు చేస్తున్నారు. అచ్చులో ఉన్న అక్షరాన్ని చూస్తూ, వేలితో తొడ మీద గీస్తారు. గీత పూర్తయ్యాక పెదవి కదులుతుంది. వీధి చివర మందుల షాపు బోర్డు ఈరోజు చదివారు. పది నిమిషాలు పట్టింది. షాపాయన బయటికొచ్చి ఏం కావాలండీ అని అడిగాడు.

"మీ బోర్డు చదువుకుంటున్నానండి" అన్నారు.

వదిన రేపు వెళ్ళిపోతుంది.

అక్టోబర్ 4, శుక్రవారం

పల్లంరాజు గారి దగ్గర్నుంచి ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. కొత్త క్యాన్. మూడు మడులు, మూడు చెంబులు. కింద ఒక్క ముక్క: వేయించాను.

పని మాత్రం తిరిగివ్వలేదు.

అక్టోబర్ 17, గురువారం

చర్చి కన్వెన్షన్ పోస్టర్. నేను మూడుసార్లు చదివాను. పాస్టరు గారు చదివారు. మా ఆయన కిటికీ దగ్గర బల్ల వేసుకుని, తొడ మీద వేలు ఆడిస్తూ మొదలుపెట్టారు. ఒక్కొక్క వరసకి ఇరవై నిమిషాలు. ప్రెస్సువాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. ఆగమన్నాను. ఇదివరకటి నేనైతే ఆగేదాన్ని కాదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి పిలిచారు.

"సువార్త తర్వాత మాట ఏంటి?"

"కూడికలు."

"కాదు. నా వేలికి కుడికలే వస్తోంది. దీర్ఘం లేదు."

చూశాను. లేదు. ఇంత పెద్ద అక్షరాల్లో, ఇద్దరం చదివిన పోస్టర్‌లో లేదు. మా కళ్ళు మాట మొత్తాన్ని ఒక్కసారే పట్టేసి ముందుకెళ్ళిపోయాయి. ఆయన వేలు లేని దీర్ఘాన్ని దాటలేదు.

ఇకనుంచి ఈ స్టూడియోలోంచి ఏ కాగితం వెళ్ళినా ముందు నేను పైకి చదవాలి, తర్వాత ఆయన వేలు నడవాలి. ఎంత ఆలస్యమైనా సరే. గోడ మీద రాయించి పెట్టాను. ఆయనే రాశారు, నేను చెప్తుంటే.

నవంబర్ 12, మంగళవారం

ఆత్రేయపురం నుంచి మహాలక్ష్మమ్మ గారని ఒకావిడ వచ్చారు. పన్నెండుమంది ఆడవాళ్ళు కలిసి పూతరేకులు చేస్తారు. ఇన్నాళ్ళూ ఎవరెవరి పెట్టెల్లోనో వాళ్ళ రేకులు వెళ్ళేవట. ఇప్పుడు సొంత పేరుతో సొంత పెట్టె కావాలి.

"పాల్ గారితో మాట్లాడాలండి."

"నేనేనండి. ముందే ఒక మాట చెప్పాలి" అని ఆయన మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ నాలుగు మాటలూ మంచినీళ్ళ ప్రాయంగా వచ్చేస్తున్నాయి.

మహాలక్ష్మమ్మ గారు అంతా విన్నారు. "మాలో ఏడుగురికి చదువు రాదండి. వాళ్ళకి కూడా ఇది మా పెట్టే అని దూరం నుంచి తెలియాలి. అది మీరు చేస్తారా, అమ్మగారు చేస్తారా, నాకు పట్టింపు లేదు."

నవంబర్ 20, బుధవారం

ఈరోజు మేమిద్దరం పోట్లాడుకున్నాం.

నేను పెట్టె మొత్తం తెలుపు ఉంచాను. రేకు ఎంత పల్చగా ఉంటుందో అంత పల్చటి అక్షరాలు, ఒక మూలకి. ఆయన చూసి, "ఇది పూతరేకుల పెట్టెలా లేదు, ఆసుపత్రి మందుల పెట్టెలా ఉంది" అన్నారు.

"నీ ఇష్టం జ్యోతీ అనరా ఇవాళ?"

"అనను. బాగోలేదు."

ఆయన కాగితం తీసుకుని గీశారు. లావుపాటి అక్షరాలు, నెయ్యి కారుతున్నట్టు కింద మెరుపులు. అందంగానే ఉంది. పదహారేళ్ళ కిందటి అందం. ఆ మాటే అన్నాను.

"పదహారేళ్ళుగా జనం కొన్నారు!"

"ఇప్పుడు నేను వేస్తున్నాను."

"నువ్వు వేస్తే? నేను గీసింది పనికిరాదా?"

"ఈ పెట్టెకి పనికిరాదు."

పక్క జిరాక్స్ షాపులోంచి తొంగి చూశారు. ఇద్దరం మధ్యాహ్నం అన్నానికి కూడా ఒకరినొకరు పిలుచుకోలేదు. సాయంత్రం ఆయన ఒక మాట అన్నారు: రెండూ పెట్టెలుగా మడిచి తీసుకెళ్దాం, చేసేవాళ్ళనే అడుగుదాం. ఏది ఎవరు వేశారో చెప్పకూడదు.

సరేనన్నాను. ఓడిపోతే ఓడిపోతాను గానీ, తగ్గను.

నవంబర్ 23, శనివారం

నేను స్కూటర్ నడిపాను, ఆయన వెనక రెండు పెట్టెలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బ్యారేజీ మీద గాలికి ఎగిరిపోతాయని గుండెకి హత్తుకున్నారు, నాదీ ఆయనదీ కూడా.

మహాలక్ష్మమ్మ గారి వసారాలో పొయ్యిల మీద కుండలు బోర్లించి, ఆడవాళ్ళు రేకులు తీస్తున్నారు. పెట్టెలు రెండూ ఎదురుగా అరుగు మీద పెట్టాం. పిండినీళ్ళలో తడిపిన గుడ్డ కుండ మీద ఇలా వేసి అలా లాగితే రేకు లేస్తోంది. ఒకావిడ లేచిన రేకుని అలాగే చేతిలో పట్టుకుని అరుగు దగ్గరికొచ్చింది. పేరు వెంకటదుర్గట. రేకుని ముందు ఆయన పెట్టె మీద పట్టి చూసింది. తర్వాత నా పెట్టె మీద పట్టి చూసింది.

"ఇదండి. ఇది మన రేకులా ఉంది."

ఇంకొకావిడ కూడా అదే అంది. ఒకావిడ మాత్రం నెయ్యి ఉన్నదే బాగుందంది. పన్నెండుమందిలో తొమ్మిదిమంది నాదే అన్నారు. ఎవరు వేశారని మహాలక్ష్మమ్మ గారు అడిగితే, ఆయన, "ఆ తెల్లది ఆశాజ్యోతి గారు వేశారండి. మా స్టూడియో ఆర్టిస్టు" అన్నారు. నావైపు చూడకుండా అన్నారు. పదహారేళ్ళలో ఆయన నోటి నుంచి నా పేరుకి గారు చేర్చగా వినడం ఇదే మొదటిసారి.

ఐనా ఉక్రోషం ఉక్రోషమే. వాళ్ళు పెట్టిన పూతరేకు ఒక్కటే తిని, రెండోది వద్దన్నారు. దారంతా ముఖం ముడుచుకునే కూర్చున్నారు. అద్దంలో కనబడుతూనే ఉంది. జూన్ నుంచి ఆయన్ని చూసినప్పుడల్లా నాకు జాలేసేది. ఇవాళ ఏమాత్రం జాలి వెయ్యలేదు. హాయిగా, గెలిచినదానిలా బండి నడిపాను.

ధవళేశ్వరంలో టీకి ఆపాను. సగం టీ తాగాక నోరు తెరిచారు.

"ఆత్రేయపురంలో 'త్రే' ఉంది చూడు. దాని కింద క్రావడి మరీ సాగదీశావు. అది నాకు చదవక్కర్లేదు, చూస్తేనే తెలుస్తోంది."

"ఏం సాగలేదు. బాగానే ఉంది" అన్నాను.

ఇంటికొచ్చి పెద్దది చేసి చూశాను. సాగింది.

సోమవారం దిద్దుతాను. ఆయనకి చెప్పను.